తెగే తాడు, తెగని దారం

విజయవాడ వన్‌టౌన్‌లో ఏ తాళ్ల కొట్టుకు వెళ్లి నైలాన్ తాడు కావాలన్నా, నీలమో పసుపో ఆకుపచ్చో ఒక చుట్ట తీసి మూరల లెక్కన కొలిచి ఇస్తారు. చాలాసార్లు అది నైలాన్ కానే కాదు. అయినా లారీ సరుకు దగ్గర్నుంచి చేపల చెరువు దాకా డెల్టా అంతా దాని మీదే నమ్మకం పెట్టుకుని బతికేస్తోంది. ఆ నమ్మకంలో నిజమెంతో కాస్త చూద్దాం.

అపోహ: ప్లాస్టిక్ తాళ్లన్నీ ఒకటే.

వాస్తవం: చిన్న ముక్క కోసి బకెట్ నీళ్లలో వేసి, గాలి బుడగలు పోయేలా పిసికి వదలండి. నైలాన్, పాలిస్టర్ మునుగుతాయి. పాలీప్రొపిలీన్, పాలిథిలీన్ తేలుతాయి. మనకు దొరికే చవక రంగుల తాళ్లు ఎక్కువగా ఈ తేలే రకాలే. నైలాన్ బాగా సాగుతుంది. కుదుపును తట్టుకుంటుంది కాబట్టి లంగరుకూ, ఆగిపోయిన బండిని ఆటోనగర్ దాకా లాక్కొచ్చేందుకూ అదే నప్పుతుంది. ప్రమాదమూ ఆ సాగుడులోనే ఉంది. తెగితే కొస ఎంత వేగంతో వెనక్కి వస్తుందంటే, ఎదురుగా ఉన్న మనిషి ప్రాణమే పోవచ్చు. బండి లాగేటప్పుడు తాడుకు తిన్నగా ఎవర్నీ నిలబడనివ్వకండి.

అపోహ: ఎంతైనా ప్లాస్టిక్ ప్లాస్టిక్కే, ఇనుముకు సాటి రాదు.

వాస్తవం: పల్చటి క్యారీబ్యాగ్ నుంచి వేలెడు వెడల్పు పేలిక కోసి మెల్లగా లాగండి. మొదట మెత్తగా సాగి సన్నబడుతుంది. ఒక దశ దాటాక ఇక రానని మొరాయిస్తుంది. వేళ్లు ఎర్రబడతాయి గానీ అది మాత్రం అంత తేలిగ్గా తెగదు. ప్లాస్టిక్ అంటే పొడవాటి అణువుల గొలుసులు. మామూలుగా అవి నూర్చి పడేసిన గడ్డిలా చిందరవందరగా ఉంటాయి. లాగినప్పుడు కోతకోసి పరిచిన పనల్లా ఒకే వైపుకు తిరుగుతాయి. అప్పుడు బరువంతా గొలుసుల పొడవునా పడుతుంది. దారాల మిల్లుల్లో బలం పెంచే విద్యంతా ఈ లాగుడు చుట్టూనే తిరుగుతుంది.

నెదర్లాండ్స్‌లోని డీఎస్‌ఎం సంస్థలో పాల్ స్మిత్, పీట్ లెంస్ట్రా 1970ల చివర్లో దీన్ని కొసకంటా తీసుకెళ్లారు. అతి పొడవైన గొలుసులున్న పాలిథిలీన్‌ను ద్రావకంలో కరిగించి, జిగురులాంటి పోగుగా తీసి, ఎన్నో రెట్లు సాగదీశారు. అదే డైనీమా. బరువుకు బరువు తూస్తే ఉక్కుకంటే దాదాపు 15 రెట్లు బలమని తయారీదారుల మాట. పైగా నీటి మీద తేలుతుంది. అలాగని అన్నిటికీ అదే మందు కాదు. 145 డిగ్రీల దగ్గర కరుగుతుంది, జారుడు వల్ల మామూలు ముడి నిలవదు, నెలల తరబడి బరువు వేలాడదీస్తే కొద్దికొద్దిగా సాగుతూనే ఉంటుంది.

అపోహ: ఎండైనా వానైనా ప్లాస్టిక్ చెక్కుచెదరదు.

వాస్తవం: వానకు కుళ్లదు, అంతవరకే నిజం. దడి మీద వేసిన పాత యూరియా సంచిని ఓ వేసవి పోయాక పట్టుకుంటే చేతిలోనే పొడిపొడిగా రాలుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ గొలుసుల్నే తెంచేస్తాయి. ధాన్యం మీద కప్పే బరకాలదీ ఇదే కథ. నల్ల బరకం ఎక్కువ కాలం మన్నుతుందంటే కారణం రంగు అందం కాదు, అందులో కలిపిన కార్బన్ మసి కిరణాల్ని అడ్డుకోవడం. మచిలీపట్నం దగ్గరి గిలకలదిండి రేవులో వలల మీద గుడ్డో పట్టానో కప్పి ఉంచడం చాదస్తమేం కాదు. కాకపోతే ఒకటుంది: ఎండకు బలం పోతుంది గానీ పదార్థం పోదు. సముద్రంలో జారవిడిచిన నైలాన్ వల ఏళ్ల తరబడి ఎవరి కోసమూ కాకుండా చేపల్ని చంపుతూనే ఉంటుంది. నూలు, జనపనార వలలకు బెరడు కషాయం పట్టించి ఆరబెట్టుకునే రోజుల్లో ఈ బెడద లేదు.

అపోహ: ముడి బిగిస్తే చాలు, తాడు తెగదు.

వాస్తవం: తెగేది చాలాసార్లు ముడి దగ్గరే. మెలిక తిరిగిన చోట బయటి పోగుల మీదే బరువంతా పడి, బలం సగం దాకా తగ్గవచ్చు. పురి విప్పి కొసను తాడులోనే అల్లేస్తే పదింట తొమ్మిది వంతుల బలం నిలుస్తుంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, కొట్టుకొచ్చిన బోట్లు గేట్లను గుద్దాయి. ముడి ఎంత బాగున్నా, వరదలో బోటు కట్టే తాడు విషయంలో లెక్క ఒకటి గుర్తుంచుకోవాలి. ప్రవాహ వేగం రెట్టింపైతే కట్టిన తాడు మీద లాగుడు నాలుగింతలవుతుంది. మామూలు రోజుల్లో ఆపిన తాడు వరదలోనూ ఆపుతుందనుకోవడం దండగ.

అపోహ: కెవ్లార్ తొడిగితే తూటా దిగదు.

వాస్తవం: డ్యూపాంట్‌లో 1965లో టైర్లకు తేలికైన దారం వెతుకుతూ స్టెఫనీ క్వోలెక్ కనిపెట్టిన పోగు ఇది. ఎన్నో పొరలు వేస్తే పిస్తోలు తూటాను ఆపుతుంది. రైఫిల్ తూటాకైతే ముందు సిరామిక్ పలకో మరో గట్టి పలకో ఉండాల్సిందే.

అపోహ: గాలిపటాలకు కట్టే చైనా మాంజాలో ప్రమాదమంతా గాజుపొడిదే.

వాస్తవం: గాజుపొడి కోస్తుంది, నిజమే. కానీ నూలు దారం మెడకు తగిలితే చాలాసార్లు అదే తెగిపోతుంది. నైలాన్ తెగదు. కనకదుర్గ వారధి మీద బండి నడిపేవాడి మెడకు అది అడ్డం పడితే, బండి వేగమంతా ఆ సన్నటి గీత మీదే పడుతుంది. తాడుగా మనం మెచ్చుకునే గుణమే అక్కడ గొంతు కోసేది. పేరు చైనాదైనా సరుకులో చాలా భాగం మన దేశంలోనే తయారవుతుంది. 2017 జూలైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది కూడా చైనా పేరును కాదు, గాలిపటాలకు వాడే నైలాన్, సింథటిక్ దారాన్ని, ఏ పేరుతో అమ్మినా సరే.