వైద్యుని గడప త్రొక్కుట ఎప్పుడు?
(అత్తిబెలె ప్రాంతపు వయోజనులు – వైద్యసేవల వినియోగము)

నివాసయోగ్యమైన ఊరికి సుమతీశతకకారుడు చెప్పిన లక్షణములలో వైద్యుడొకడు. వైద్యుడు లేని ఊర ఉండరాదను ఆ నీతిని తెలుగు పిల్లలు తరతరములుగా కంఠస్థము చేయుచున్నారు. కాని ఆ పద్యము అడుగని ప్రశ్న యొకటి మిగిలియున్నది. వైద్యుడున్న ఊరిలో జనులు అతని యొద్దకు ఎప్పుడు పోవుదురు? పోవలసినవారందరును పోవుచున్నారా? ఈ విషయమును అత్తిబెలె ప్రాంతమును ఉదాహరణముగా గైకొని పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఒకే దారి – పెక్కు ఆసుపత్రులు

అత్తిబెలె బెంగుళూరు నగర జిల్లాయందలి ఆనేకల్ తాలూకాకు చెందినది. బెంగుళూరునుండి హోసూరునకు పోవు జాతీయ రహదారి కర్ణాటక సరిహద్దును దాటుచోట ఈ ఊరున్నది. ఆవలనున్న హోసూరు 1956 నాటి రాష్ట్రముల పునర్విభజనలో మద్రాసు రాష్ట్రముననే నిలిచినది. నేడది తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో నున్నది. ఈ సరిహద్దుకు ఇరువైపుల తెలుగు మాటాడు కుటుంబములు చిరకాలముగా సేద్యము చేసికొనుచున్నవి. పారిశ్రామికవాడలు వెలసిన పిదప పనికై వచ్చినవారును వారితో కలిసిరి.

ఇక వైద్యవసతుల సంగతి. బెంగుళూరులో విక్టోరియా ఆసుపత్రి 1900లో ఆరంభమైనది. అత్తిబెలె నుండి నగరమునకు పోవు దారిలో బొమ్మసంద్రయందు హృద్రోగచికిత్సకు పేరొందిన నారాయణ ఆసుపత్రియు, కోరమంగలయొద్ద సెయింట్ జాన్స్ వైద్యకళాశాల ఆసుపత్రియు, ఇంకను ముందుకు పోయినచో క్యాన్సరు వ్యాధికి కిద్వాయి సంస్థయు, మనోవ్యాధులకును నరముల వ్యాధులకును నిమ్హాన్స్ సంస్థయు కలవు. ఒకే బాట వెంబడి ఇన్ని పెద్ద ఆసుపత్రులున్న ప్రాంతములు దేశమున అరుదు. అట్లయినచో ఇచటి వయోజనుల ఆరోగ్యమునకు కొదువ యుండరాదు గదా! కాని ఆసుపత్రి దగ్గర నుండుట వేరు, తగిన సమయమున ఆసుపత్రికి పోవుట వేరు.

వేయిమందిలో ఎందరు?

వయోజనులు వైద్యసేవలను ఎంత తరచుగా వినియోగింతురను ప్రశ్నకు లెక్కతో సమాధానము చెప్పినవారిలో కెర్ వైట్ అను అమెరికా వైద్యుడు ప్రసిద్ధుడు. 1961లో ఆయన మరి ఇద్దరితో కలిసి ఒక వ్యాసము ప్రకటించెను. పదునారేండ్లు దాటినవారు వేయిమందిని తీసికొన్నచో, ఒక నెలలో సుమారు 750 మంది ఏదో యొక జబ్బో దెబ్బయో కలిగినదని చెప్పుదురు. వారిలో 250 మంది మాత్రమే వైద్యుని చూతురు. ఆసుపత్రిలో చేరువారు 9 మంది. విశ్వవిద్యాలయపు పెద్ద ఆసుపత్రికి పంపబడువాడు ఒక్కడు. నలుబదియేండ్ల తరువాత, 2001లో, మరల వేసిన లెక్కలోను ఈ స్వరూపము పెద్దగా మారలేదు. ఆసుపత్రిలో చేరువారు 8 మందిగా తేలిరి.

ఈ లెక్క నేర్పు పాఠమేమి? వైద్యవ్యవస్థ ఒక గోపురము వంటిది. దాని శిఖరము దూరమునుండియు కనిపించును. పీఠము దగ్గరకు పోయినగాని కనిపించదు. జనుల ఆరోగ్యము నిలుచునది పీఠముమీదనే. అనగా ఇంటియందును, వీధి చివరి చిన్న వైద్యశాలయందును, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునందును జరుగు పనిమీద నిలుచును. మన దేశమున 1946లో నివేదిక సమర్పించిన జోసెఫ్ భోర్ సంఘమువారు ఈ సంగతినే గుర్తించి, నలుబదివేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రము కావలెనని సూచించిరి. తరువాతి కాలమున మైదానప్రాంతములకు ముప్పదివేలకు ఒకటి యను ప్రమాణము ఏర్పడినది.

మన దేశపు లెక్కలు

2017 జూలై నుండి 2018 జూన్ వరకు జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ ఆవృత్తి అన్ని వయసులవారిని లెక్కించినది. గడచిన పదునైదు దినములలో జబ్బుపడితిమని చెప్పినవారు నూటికి 7.5 మంది. ఒక సంవత్సరములో, కాన్పులు మినహాయించి, ఆసుపత్రిలో చేరినవారు నూటికి 2.9 మంది. అరువది దాటినవారిలో మాత్రము పదునైదు దినములలో జబ్బుపడినవారు నూటికి 27 మందికి మించిరి. ఆసుపత్రిలో చేరిన ఒక్కొక్కమారు సగటున అయిన ఖర్చు ప్రభుత్వ ఆసుపత్రిలో 4,452 రూపాయలు, ప్రైవేటు ఆసుపత్రిలో 31,845 రూపాయలు.

ఈ లెక్కలలో ఒక వింత గలదు. దేశమంతట నూటికి 7.5 మంది జబ్బుపడితిమని చెప్పగా, కేరళలో నూటికి 24 మందికి పైగా చెప్పిరి. మరి దీర్ఘాయువునకు పేరొందినది కేరళమే. ఎక్కువకాలము బ్రతుకువారే ఎక్కువ జబ్బులు చెప్పుటకు కారణమేమి? కేరళలో వృద్ధులు అధికముగా నుండుట ఒక కారణము. రెండవది అంతకంటె ముఖ్యమైనది. ఆర్థికశాస్త్రవేత్త అమర్త్య సేన్ 2002లో ఈ సంగతిని వివరించెను. చదువును వైద్యవసతియు గలవారు తమ దేహమున కలుగు మార్పును జబ్బని గుర్తింతురు. అవి లేనివారు దానిని వయసనియు అలసటయనియు ఎంచి ఓర్చుకొందురు. కావున “మా ఇంట ఎవరికిని ఏ జబ్బును లేదు” అను మాట ఆరోగ్యమునకు గుర్తు కావచ్చును, ఎరుకలేమికిని గుర్తు కావచ్చును.

తెలియని రోగము

రక్తపుపోటు దీనికి మంచి ఉదాహరణము. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, కర్ణాటకమునందును ఆంధ్రప్రదేశమునందును పదునైదేండ్లు దాటినవారిలో దాదాపు నలుగురిలో ఒకరికి పోటు ఎక్కువగా నున్నది, లేదా వారు అందుకై మందు వాడుచున్నారు. ఈ జబ్బు చాలమందిలో ఏ బాధయు కలిగింపదు. నొప్పి లేదు, జ్వరము లేదు, ఆకలి తగ్గదు. మెల్లమెల్లగా గుండెను, మూత్రపిండములను, మెదడునకు పోవు రక్తనాళములను పాడుచేసి, ఒకనాడు పక్షవాతముగానో గుండెపోటుగానో బయటపడును. చక్కెరవ్యాధియు చాలవరకిట్టిదే.

బాధ లేనప్పుడు వైద్యుని యొద్దకు పోవుట మన అలవాటు కాదు. ముప్పదియేండ్లు దాటినవారందరికి పోటు, చక్కెర, నోటి క్యాన్సరు, స్త్రీలకు రొమ్ము, గర్భాశయముఖ క్యాన్సరులను ముందుగా పరీక్షించు జాతీయ కార్యక్రమము కలదు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో దీనికి రుసుము లేదు. ఐనను జబ్బు లేనివాడు పరీక్షకు పోవుట మనవారికి వింతగానే తోచును.

ఒక్కదినపు వెల

ఎవరు వైద్యసేవను వినియోగింతురో తెలియుటకు రోనాల్డ్ ఆండర్సన్ అను పండితుడు 1968లో మూడు కారణములను చూపెను: మనిషి స్వభావపరిస్థితులు, అతనికి గల సౌకర్యములు, అతని అవసరము. అత్తిబెలెకు ఈ కొలత పట్టి చూచినచో రెండవదియే ముందు నిలుచును.

యంత్రశాలలో పనిచేయు ఒక నలుబదియైదేండ్ల కార్మికుని ఊహింతము. అతడు ఆరోగ్యకేంద్రమునకు పగటివేళ పోవలెను. పగటివేళనే అతని పనియు. పోటు చూపించుకొనుటకు పట్టునది ఐదు నిమిషములు; దానికై పోవునది ఒక దినపు కూలి. అతడు ఉద్యోగుల రాజ్యబీమా పథకములో చేరియుండవచ్చును. 1948 నాటి చట్టముపై 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరములలో ఆరంభమైన ఈ పథకమునకు వేతనపరిమితి 2017 జనవరిలో నెలకు 21,000 రూపాయలుగా నిర్ణయింపబడినది. నిర్ణీతదినములు చందా చెల్లినవానికి జబ్బుకాలమున వేతనములో నూటికి 70 వంతున, ఏడాదికి 91 దినముల వరకు భత్యము లభించును. మేలైన ఏర్పాటే. కాని సాధారణముగా జబ్బుయొక్క మొదటి రెండు దినములకు ఆ భత్యము రాదు. కావున మంచము పట్టినవానికి ఆదరువు దొరకునేగాని, మంచము పట్టకుండ ఒక పూట పరీక్షకు పోవువానికి దొరకదు.

2018లో ఏర్పడిన ఆయుష్మాన్ భారత్ – ఆరోగ్య కర్ణాటక పథకము సంగతియు దాదాపు ఇంతే. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబమునకు ఏడాదికి ఐదులక్షల రూపాయల వరకు చికిత్స అందించు ఆ పథకము ముఖ్యముగా ఆసుపత్రిలో చేరినవారి కొరకు ఏర్పడినది. పైగా ఇట్టి పథకములు రేషనుకార్డుతో ముడిపడియుండుటచేత, కార్డు ఒక రాష్ట్రమునను కాపురము వేరొక రాష్ట్రమునను గలవాడు ముందుగా తన అర్హతను విచారించి తెలిసికొనవలెను. సరిహద్దు ఊరిలో ఇట్టివారు తక్కువ కాదు. ప్రాణాపాయము దాపురించిన రాత్రి కార్డు వెదకుకొనుట ఎంత కష్టమో అనుభవించినవారికే ఎరుక.

ఈ విధముగా పెద్ద ఆసుపత్రులు, బీమాలు, భత్యములు అన్నియు మనిషి పడిపోయిన దినమునకై సిద్ధముగా నున్నవి. పడిపోవుటకు ముందటి దినమును కాచునది మాత్రము చాల తక్కువ.

మాట మారిన జబ్బు

ఇంకొక అడ్డంకి కలదు. అది లెక్కలలో కనిపించదు. అదియే భాష.

అత్తిబెలె తెలుగువారిలో పెక్కుమంది కన్నడము మాటాడుదురు. తమిళమును అర్థము చేసికొందురు. అంగడిలో బేరమునకు అది చాలును. కాని దేహబాధను చెప్పుకొనుటకు మనిషి తల్లిభాషనే వెదకుకొనును. అచటనే చిక్కు వచ్చును. తెలుగులో “ఆయాసము” అనగా ఊపిరి అందకపోవుట, రొప్పుట. కన్నడమున “ఆయాస” అనగా అలసట. సంస్కృతమున ఆ పదమునకు శ్రమయనియే అర్థము. తెలుగువాడుకలో అది ఊపిరివైపు ఒరిగినది. గుండెజబ్బుతో మెట్లెక్కలేక రొప్పుచున్న ఒక వృద్ధురాలు “ఆయాసముగా నున్నది” యన్నచో, కన్నడ వైద్యుడు “అలసినది, బలమునకు మందిత్తును” అనుకొనవచ్చును. ఊపిరాడకుండుటను కన్నడమున “ఉసిరాటద తొందరె” యందురు. “తొందరె” యనగా వారికి ఇబ్బంది. మనకు “తొందర” యనగా త్వర. ప్రశ్నించినవాడొకటి అడుగును, విన్నవాడు వేరొకటి గ్రహించును. ఇరువురికిని తాము పొరబడితిమని తెలియదు. తెలియని పదమైనచో మరల అడుగుదురు. తెలిసినట్లుండు పదమే మోసము చేయును.

ఇట్టిచోట బడికిపోవు పిల్లవాడు దుబాసి యగును. తల్లికి గల స్త్రీసంబంధమైన బాధను కొడుకు నోట చెప్పింపవలసివచ్చినప్పుడు ఆ తల్లి ఏమి చేయును? “ఏమియు లేదు, నడుమునొప్పి” యని ఊరకుండును. ఆమె ఆసుపత్రికి వచ్చినట్లే లెక్కలో చేరును. ఆమె జబ్బు మాత్రము ఇంటికే తిరిగిపోవును. గడప త్రొక్కినంతమాత్రమున వైద్యము పొందినట్లు కాదనుటకు ఇదియే నిదర్శనము.

గడపకు వచ్చిన వైద్యము

మనిషి గడపకు పోలేనప్పుడు గడపయే మనిషియొద్దకు రావచ్చును. తమిళనాడు ప్రభుత్వము 2021 ఆగస్టు 5న ఆరంభించిన “మక్కళై తేడి మరుత్తువమ్” అను పథకమునకు అర్థము “జనులను వెదకుకొని పోవు వైద్యము” అని. దానిని ప్రారంభించినది చెన్నపట్టణమున కాదు. హోసూరున్న కృష్ణగిరి జిల్లాలోనే, సామనపల్లి గ్రామమున. పోటు, చక్కెరవ్యాధి గలవారి ఇంటికి ఆరోగ్యకార్యకర్తలు పోయి పరీక్షించి మందులిచ్చుట ఇందలి ముఖ్యమైన పని. కర్ణాటక ప్రభుత్వము 2024లో ఇట్టి ఉద్దేశముతోనే “గృహ ఆరోగ్య” పథకమును కోలారు జిల్లాయందు మొదలిడినది. కృష్ణగిరి, కోలారు – రెండును తెలుగు వినిపించు జిల్లాలే. ఇంటి అరుగుమీద కూర్చున్న ముసలివారితో వారి భాషలో మాటాడగల కార్యకర్త వచ్చినచో, ఆయాసమేదో అలసటయేదో అక్కడనే తేలిపోవును.

కర్తవ్యము

పథకములు ప్రభుత్వములవి, అలవాట్లు మనవి. తెలుగు సంఘములు పండుగలకు కూడుదురు, పద్యములు పాడింతురు. అట్టి దినముననే ముప్పది దాటినవారందరికి పోటును చక్కెరను చూపించు ఏర్పాటు చేయుట కష్టము కాదు. పండుగ సెలవు దినము గనుక కూలి నష్టమును లేదు. పోటు ఎక్కువని తేలినవానిని ఆరోగ్యకేంద్రమునకు చేర్చు బాధ్యతను ఇరుగుపొరుగు వహింపవలెను. ప్రతి కుటుంబమును తన రేషనుకార్డు, బీమాకార్డు ఏ రాష్ట్రపు ఆసుపత్రిలో చెల్లునో ఆరోగ్యముగా నున్ననాడే విచారించి యుంచుకొనవలెను.

తెలుగు బడులకును ఇందొక పని కలదు. దేహబాధలను తెలుపు మాటలను తెలుగు, కన్నడ, తమిళములలో ప్రక్కప్రక్కన వ్రాసి, ఎచట అర్థము మారునో గుర్తు పెట్టి, పిల్లలచేత ఒక చిన్న పట్టిక వ్రాయింపవచ్చును. అది ఇంటి గోడమీద నున్నచో అవ్వయు చూచును, తల్లియు చూచును. కొడుకును బయట నిలిపి, పట్టికలోని మాటను వ్రేలితో చూపియైనను ఆ తల్లి తన బాధను చెప్పుకొనగలదు.

వైద్యుడున్న ఊరు మంచిదే. ఆ వైద్యునితో తన బాధను తన మాటలో, సమయము మించకముందే చెప్పుకొనగల జనులున్న ఊరు అంతకంటె మంచిది. అత్తిబెలెలో మొదటిది సమకూరియే యున్నది. రెండవదానిని సమకూర్చుకొనుట అచటి తెలుగువారి చేతిలో నున్నది.