కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టినా పాత విండోసే ఓపెన్ అవుతోందా? కారణం ఇదీ!

పాత డెస్క్‌టాప్‌లో కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టారు. విండోస్ ఇన్‌స్టాల్ చేశారు. తీరా రీస్టార్ట్ చేస్తే మళ్లీ పాత హార్డ్ డిస్కే ఆన్ అవుతోంది. ఎస్‌ఎస్‌డీ పాడైందనుకుని షాపుకి పరిగెత్తకండి. చాలాసార్లు తప్పు డ్రైవ్‌ది కాదు, బూట్ ఆర్డర్‌ది.

బయాస్ ఏం చూస్తుంది?

పవర్ బటన్ నొక్కగానే మదర్‌బోర్డు చిప్‌లో ఉండే బయాస్ అనే చిన్న ప్రోగ్రామ్ రన్ అవుతుంది. ముందు ర్యామ్, డిస్‌ప్లే, కీబోర్డు చెక్ చేస్తుంది. తర్వాత బూట్ ఆర్డర్‌లో మొదట ఉన్న డ్రైవ్ దగ్గరికి వెళ్లి, దాని మొట్టమొదటి సెక్టార్‌ని మెమరీలోకి తెస్తుంది. అది కేవలం 512 బైట్లు! దాని చివర 55, ఏఏ అనే రెండు బైట్ల గుర్తు కనిపిస్తే చాలు, కంట్రోల్ మొత్తం ఆ డ్రైవ్‌కి ఇచ్చేస్తుంది. గుర్తు లేకపోతే తర్వాతి డ్రైవ్‌కి వెళ్తుంది. ఏది కొత్తది, ఏది స్పీడ్ అన్నది బయాస్‌కి అనవసరం.

హార్డ్ డిస్క్‌లో ఈ మొదటి సెక్టార్‌నే ఎంబీఆర్ అంటారు. అందులో 4 పార్టిషన్ల వివరాలు ఉంటాయి. వాటిలో యాక్టివ్ అని మార్క్ చేసిన పార్టిషన్ నుంచి విండోస్ మొదలవుతుంది.

ఈ గుడ్డి నమ్మకాన్నే ఒకప్పుడు వైరస్‌లు వాడుకున్నాయి. 1986లో వచ్చిన బ్రెయిన్ వైరస్ ఫ్లాపీ బూట్ సెక్టార్‌లోనే దాక్కునేది. ఆ ఫ్లాపీని డ్రైవ్‌లో మర్చిపోయి పీసీ ఆన్ చేస్తే అంతే సంగతులు.

సెట్ చేయడం ఎలా?

ఆన్ చేయగానే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కి బయాస్‌లోకి వెళ్లండి. బూట్ సెక్షన్‌లో ఎస్‌ఎస్‌డీని మొదటికి తీసుకురండి. అక్కడ ఒక్క హార్డ్ డిస్క్ పేరే కనిపిస్తోందా? కంగారు పడకండి. చాలా పాత బయాస్‌లలో హార్డ్ డిస్క్‌ల వరుసకి వేరే లిస్ట్ ఉంటుంది. ముందు అందులో మార్చాలి.

మార్చిన సెట్టింగ్ మళ్లీ మళ్లీ పోతోందా? టైమ్, డేట్ కూడా తప్పు చూపిస్తుంటే మదర్‌బోర్డు మీదున్న బటన్ సెల్ అయిపోయినట్టే. ఎక్కువ బోర్డుల్లో అది సీఆర్2032 సెల్. కొత్తది వేసి, ఆర్డర్ మళ్లీ సెట్ చేస్తే సరిపోతుంది.

ఈ ఒక్క తప్పు చేయకండి

రెండు డ్రైవ్‌లూ కనెక్ట్ చేసి ఉంచి విండోస్ ఇన్‌స్టాల్ చేస్తే, బూట్ ఫైల్స్ పాత డిస్క్‌లోకి వెళ్లే ఛాన్స్ ఉంది. తర్వాత పాత డిస్క్‌ని ఫార్మాట్ చేశారంటే ఎస్‌ఎస్‌డీలో ఉన్న విండోస్ కూడా స్టార్ట్ అవ్వదు. అందుకే ముందు ఫోటోలు, ఫైల్స్ బ్యాకప్ తీసుకోండి. పవర్ ఆఫ్ చేసి పాత డిస్క్ కేబుల్ తీసేయండి. ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంచి ఇన్‌స్టాల్ చేయండి. అది సొంతంగా బూట్ అయ్యాకే పాత డిస్క్ మళ్లీ కలపండి.