కొత్త ఇంజను నీళ్లు తక్కువ పోస్తోందా? షాపుకు మోసే ముందు ఇవి చూసుకోండి

అప్పు చేసి కొత్త ఇంజను తెచ్చుకున్నారు. మాధవరం దగ్గర తుంగభద్ర గట్టున దింపి, పైపులు బిగించి, పూజ చేసి తిప్పారు. ఇంజను గట్టిగానే అరుస్తోంది, డీజిలు తాగుతోంది. కాలువలో నీళ్లు మాత్రం పాత ఇంజను పోసినంత కూడా లేవు. "ఏందన్నా ఇది, పాతదే మేలు గదా!" అనిపిస్తుంది. మిరప తోట వాడుముఖం పట్టేసరికి ఇంజన్ను ఆటోలో వేసుకుని ఆదోనికో, ఎమ్మిగనూరుకో పరుగు తీస్తారు. అక్కడ తొట్టిలో పెట్టి తిప్పితే నీళ్లు బ్రహ్మాండంగా పోస్తుంది. ఆటో బాడుగ దండగ, రెండు రోజుల తడి దండగ.

ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావరకు లోపం ఇంజనులో ఉండదు. మనం దాన్ని పెట్టిన చోటులోనో, తగిలించిన పైపుల్లోనో ఉంటుంది. కాబట్టి ముందుగానే స్పానరు పట్టి ఇంజను విప్పరాదు. సీలు తీస్తే గ్యారంటీ పోయే ప్రమాదం ఉంది.

మొదట నీళ్లు కొలవండి. కంటి అంచనా పనికిరాదు. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి డెలివరీ పైపు కింద పెట్టి, ఎన్ని సెకన్లలో నిండిందో గడియారంలో చూడండి. మూడుసార్లు చూసి సగటు తీయండి. పంపు మీది రేకుపై హెడ్డు ఇన్ని మీటర్లు, నీళ్లు సెకనుకు ఇన్ని లీటర్లు అని అచ్చువేసి ఉంటుంది. ఒక మోస్తరు 5 హార్స్‌పవరు సెట్టు, పైపుల రాపిడి కూడా కలుపుకుని మొత్తం 15 మీటర్ల ఎత్తుకు, సెకనుకు సుమారు 14 లీటర్లు పోయాలి. అంటే డ్రమ్ము 14, 15 సెకన్లలో నిండాలి. పాతిక సెకన్లు పడుతోందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

ఇక అసలు సంగతి సక్షన్ వైపే ఉంటుంది. పంపు నీళ్లను పీల్చుకుంటుందని మనం అంటాం గానీ, నిజానికి పైపులోని గాలిని పంపు తీసేస్తే, బయటి గాలి బరువే నీటిని పైకి నెడుతుంది. ఆ బరువు నెట్టగలిగేది లెక్క ప్రకారం 34 అడుగులు. రాపిడి, వేడి పోను పనికొచ్చేది 20 అడుగుల లోపే. దీన్ని పైపు పొడవు చూసి కాదు, నీటి మట్టం నుంచి పంపు దాకా నిలువుగా కొలవాలి. ఎండాకాలం ఏరు తగ్గి మడుగులు మిగిలినప్పుడు మనవాళ్లు చేసే పొరపాటు ఇదే. ఇంజను గట్టు మీదనే ఉంచి సక్షన్ పైపు పొడిగిస్తూ పోతారు. పంపు లోపల గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు వస్తే లోతు ఎక్కువైందని తెలుసుకోండి. అట్లాగే నడిపితే పంపులోని ఫ్యాను గుంటలు పడి తినేస్తుంది. పంపు పైకి నెట్టడంలో గట్టిది, కిందినుంచి లాగడంలో బలహీనం. అందుకని ఇంజన్నే నీటి దగ్గరికి దించి, డెలివరీ పైపు పొడిగించాలి.

దించాం గదా అని నిర్లక్ష్యం పనికిరాదు. 2009 అక్టోబరు వరద మంత్రాలయం వైపు చేసిన నష్టం మరిచేది కాదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కూడా పైన వానతో పని లేకుండానే ఏటికి నీళ్లు వచ్చాయి. వరద రోజుల్లో రాత్రి ఇంజను గట్టెక్కించుకోవాలి.

తర్వాత గాలి. సక్షన్ పైపులో చీమ దూరేంత సందున్నా చాలు, నీళ్లు బయటికి కారవు, గాలి లోపలికి పోతుంది. అందుకే కంటికి కనపడదు. ఇంజను నడుస్తుండగా ఒక్కొక్క జాయింటు చుట్టూ తడి బంకమట్టి గానీ గ్రీజు గానీ పూయండి. ఏ జాయింటు దగ్గర పూస్తే నీళ్లు పెరిగాయో అక్కడే రంధ్రం. వాషరు మార్చి బిగించండి. గ్లాండు దగ్గర చుక్కచుక్కగా నీరు కారడం మంచిదే, దాన్ని పూర్తిగా బిగించకూడదు. సక్షన్ పైపు ఫుట్‌వాల్వు నుంచి పంపు దాకా ఏకధాటిగా పైకే ఎక్కాలి. మధ్యలో ఒంటె వీపులా లేస్తే అక్కడ గాలి నిలుస్తుంది. ఫుట్‌వాల్వు కనీసం రెండడుగులు మునగాలి, ఇసుకలో మాత్రం దిగబడరాదు. కింద బండ పెట్టి, చుట్టూ గంప కడితే చెత్త పట్టదు.

పైపు సైజులో పీనాసితనం చేయకండి. మూడంగుళాల పంపుకు రెండున్నర అంగుళాల పైపు తగిలించి అంతే నీళ్లు తీయాలంటే రాపిడి సుమారు రెండున్నర రెట్లవుతుంది. ఆ డబ్బు డీజిలు రూపంలో ఏటా కడతారు. నీళ్లు ఎగిరి పడితే చూడముచ్చటే గానీ, డెలివరీ మూతి కాలువ మట్టానికి దించితే మిగిలిన ప్రతి అడుగూ లాభమే.

ఇవన్నీ సరిగా ఉంటే అప్పుడు స్పీడు. 1500 చుట్లు తిరగాల్సిన ఇంజను 1350 తిరిగితే పదో వంతే గదా అనుకోవద్దు. 15 మీటర్లు ఎత్తాల్సిన పంపు సుమారు 12 మీటర్లకు పడిపోతుంది. చుట్లు కొలిచే మీటరు మెకానిక్కు దగ్గర ఉంటుంది, అడిగి పెట్టించండి. బెల్టు సెట్టయితే జారుతోందేమో చూడండి. నల్లపొగ వస్తే బరువు ఎక్కువైందనో, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయిందనో అర్థం. ఆగి ఆగి కొడితే డీజిలు లైనులో గాలి చేరి ఉంటుంది.

భుజాన వేసుకుని పోయే తేలిక అల్యూమినియం ఇంజన్లకు ఇంకో జాగ్రత్త ఉంది. అల్యూమినియంలో మరలు మెత్తన. పెద్ద పానాతో బలంకొద్దీ తిప్పితే మర తెగి, అక్కడినుంచే గాలి పోతుంది. నీళ్లు నిండిన పైపు బరువంతా పంపు మూతి మీద వేలాడనీయకుండా కర్రలు పాతి ఆనించండి. స్టార్టయ్యాక చోకు తీయడం మరిచిపోయి ఇంజను చచ్చుబడిందనేవాళ్లూ ఉన్నారు.

కరెంటు మోటారైతే తిరిగే దిక్కు మొదట చూడాలి. త్రీఫేజు మోటారు ఎదురు తిరిగినా పంపు కొద్దిగా నీళ్లు పోస్తుంది, అదే మోసం. స్టార్టరు దగ్గర కరెంటు తీయించి, తెలిసినవాడి చేత ఏవైనా రెండు వైర్లు అటూఇటూ మార్పిస్తే సరిపోతుంది.

ఇంతా చేసినా నీళ్లు పెరగకపోతే లోపం సెట్టులోనే ఉన్నట్టు. డ్రమ్ము లెక్క, నిలువు కొలతలు, పైపు సైజు కాగితం మీద రాసుకుని, బిల్లు, గ్యారంటీ కార్డుతో షాపుకు పోండి. వీలైతే మెకానిక్కునే ఏటి గట్టుకు రమ్మనండి. ఫిర్యాదు నోటిమాటగా కాక రాసిచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. తిప్పుకుంటుంటే 1915కు ఫోను చేయవచ్చు. లోపం బయటపడిన రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. ఇంజనుకు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.