నాలుగు వందల క్యాండీల చేప

ప్రాణులను పట్టి, పెంచి, రూపం మార్చే మొబైల్ ఆటల్లో ఒక్కో ప్రాణికి ఒక్కో ధర ఎందుకుంటుందో తెలుసుకోవడానికి పోకీమాన్ గో మంచి ఉదాహరణ. 2016 జులైలో కొన్ని దేశాల్లో మొదలైన ఈ ఆట అదే ఏడాది డిసెంబరులో రిలయన్స్ జియో భాగస్వామ్యంతో భారతదేశానికి వచ్చింది. ఆటగాడు నిజమైన వీధుల్లో నడుస్తుంటే ఫోన్‌లోని పటం మీద ప్రాణులు కనిపిస్తాయి; పట్టిన ప్రతిసారీ ఆ జాతికే పనికివచ్చే ‘క్యాండీ’లు దక్కుతాయి; అవి తగినన్ని కూడితే ప్రాణి తరువాతి రూపం దాలుస్తుంది.

క్యాటర్పీ అనే గొంగళిపురుగు 12 క్యాండీలకే తొలి మార్పు పొందుతుండగా, మ్యాజికార్ప్ అనే చేప గ్యారడోస్ అనే భీకర జలసర్పంగా మారడానికి 400 కావాలి. మామూలు ప్రాణిని పడితే 3 క్యాండీలు, దాన్ని ఆటలోని ప్రొఫెసర్‌కు పంపేస్తే మరొకటి వస్తాయి కనుక, బోనస్‌లేవీ లేకుండా, మార్చవలసిన ఒకదాన్ని అట్టేపెట్టుకుని లెక్కిస్తే నాలుగు పురుగులతో తీరే పనికి ఇక్కడ 101 చేపలు పట్టాలి.

ఈ తేడాకు మూలం 1996లో జపాన్‌లో విడుదలైన తొలి పోకీమాన్ ఆటల్లోనే కనిపిస్తుంది. వాటిలో క్యాటర్పీ 7వ స్థాయికే మారిపోయేది, పోరాటంలో ఎందుకూ కొరగాని మ్యాజికార్ప్‌ను మాత్రం 20వ స్థాయి దాకా ఓపికగా మోసుకుపోవలసి వచ్చేది. స్థాయిలతో మార్పు జరగని మొబైల్ ఆటలో ఆ ఓపికకు క్యాండీల సంఖ్యే కొలత అయింది. పైగా మ్యాజికార్ప్ నీటి పక్కన విరివిగా దొరికే చేప కాబట్టి, సంఖ్య తక్కువైతే గ్యారడోస్ ప్రతివారి దగ్గరా ఉండి విలువ కోల్పోయేది.

అయితే క్యాండీల సంఖ్యే అసలు ధర అనుకోవడం పొరపాటు. డ్రాటినీ అనే అరుదైన ప్రాణి రెండు దశల్లో డ్రాగనైట్ కావడానికి మొత్తం 125 క్యాండీలే చాలు. కానీ దాన్ని ‘బడ్డీ’గా, అంటే తోడుగా, వెంటబెట్టుకుని నడిస్తే 5 కిలోమీటర్లకు ఒక్క క్యాండీ వస్తుంది, మ్యాజికార్ప్‌కైతే కిలోమీటరుకే ఒకటి. కేవలం నడిచే సంపాదించాలంటే చేపకు 400 కిలోమీటర్లు, అంటే దాదాపు శ్రీకాకుళం నుంచి విజయనగరానికి మూడుసార్లు పోయి వచ్చినంత దూరం పడితే, తక్కువ ధరగా కనిపించే డ్రాటినీకి 625 పడుతుంది. అరుదైనదానికి దొరక్కపోవడమే ధర, విరివిగా దొరికేదానికి సంఖ్యే ధర.

ఊరును బట్టి కూడా ఈ ధర మారుతుంది, ఇది తేలిగ్గా తీసుకోదగిన విషయం కాదు. పట్టడానికి కావలసిన బంతులు ప్రధానంగా ‘పోకీస్టాప్’లనే మజిలీల దగ్గర దొరుకుతాయి, వాటిలో చాలావరకు ఈ ఆటను రూపొందించిన నియాంటిక్ సంస్థ అంతకుముందు నడిపిన ఇంగ్రెస్ ఆటలో ఆటగాళ్లే సూచించిన కట్టడాలు, గుడులు, విగ్రహాలు. ఆటగాళ్లూ కట్టడాలూ ఎక్కువున్న విజయనగరం కోట వంటి పట్టణ పరిసరాలకు ఈ పద్ధతి కలిసివస్తుంది గాని, ఉద్దానం తోటల మధ్య ఉన్న పల్లెకు కాదు. భావనపాడు వంటి తీరగ్రామాల్లో చేప దగ్గరే ఉన్నా, దాని మీద విసరడానికి బంతులు కరువవుతాయి.

కొన్ని ప్రాణుల మార్పుకు ఆట ఇచ్చే రాయితీలోనూ ఇదే చిక్కు. హాంటర్ అనే ప్రాణిని గెంగర్‌గా మార్చడానికి 100 క్యాండీలు కావాలి, మరో ఆటగాడితో మార్పిడి చేసుకుంటే ఒక్కటీ అక్కర్లేదు. కానీ మార్పిడికి ఇద్దరూ సాధారణంగా దగ్గర్లో ఉండాలి కనుక, ఊళ్లో రెండో ఆటగాడు లేని కుర్రవాడు ఆ 100 క్యాండీలూ కూడబెట్టుకోవలసిందే.