యోగా మనం చేయొచ్చా? పుట్టుక ఏమిటి, ఫాయిదా ఎంత, ఎక్కడ ఆగాలి

షామీర్‌పేటలో ఉండే మా ఖాలాకు రెండేళ్ళుగా నడుం నొప్పి. దానికి తోడు షుగర్. డాక్టర్ దగ్గరికి పోతే మందులు రాసి, "అమ్మా, రోజూ కొద్దిగా నడవండి, తేలికపాటి యోగా నేర్చుకోండి" అన్నారు. ఖాలా ఇంటికొచ్చి అడిగిన మొదటి మాట: "బేటా, మనం యోగా చేయొచ్చా?"

కొడుకు "అది కసరత్తే కదా అమ్మీ, చేయి" అన్నాడు. పక్కింటావిడ "తౌబా తౌబా, అది వాళ్ళ ఇబాదత్" అంది. ఇద్దరి మాటల మధ్య ఖాలా ఏదీ చేయలేదు. ఆరు నెలలు నొప్పి మాత్రలే మింగింది. చివరికి డాక్టరే, షుగర్ ఉన్న మనిషి ఇన్ని నొప్పి మాత్రలు వేసుకుంటే కిడ్నీలకు ముప్పు అని చెప్పి ఆపించారు.

ఇది ఒక్క మా ఖాలా ఇంటి ముచ్చట కాదు. మేడ్చల్‌లో, షామీర్‌పేటలో మన కుటుంబాల్లో ప్రతి సంవత్సరం జూన్ నెల వచ్చిందంటే ఇదే ప్రశ్న. బడిలో యోగా దినం అంటారు, పిల్లలు ఇంటికొచ్చి అడుగుతారు, పెద్దవాళ్ళ దగ్గర సరైన జవాబు ఉండదు. అందుకే యోగా ఎక్కడి నుంచి వచ్చింది, దానివల్ల నిజంగా ఎంత లాభం, మన అఖీదాకు ఇబ్బంది ఎక్కడ వస్తుంది అనే మూడు విషయాలు విడివిడిగా చూద్దాం.

యోగా ఎక్కడి నుంచి వచ్చింది?

యోగా ఈ దేశంలో పుట్టింది. మొదట్లో అది ఒంటికి సంబంధించిన కసరత్తు కాదు, మనసును అదుపులో పెట్టే సాధన. ఈ విద్యకు మూలగ్రంథంగా చెప్పే పతంజలి యోగసూత్రాలలో దాదాపు 196 సూత్రాలు ఉంటే, ఆసనాల గురించి చెప్పినవి చాలా తక్కువ. అందులో ఎనిమిది మెట్లు ఉన్నాయి: యమ, నియమ, ఆసన, ప్రాణాయామ, ప్రత్యాహార, ధారణ, ధ్యాన, సమాధి. అంటే మంచి నడత, శుభ్రత, కూర్చునే తీరు, ఊపిరి, ఆపైన ఏకాగ్రత. ఈ దారిలో నడిచినవాళ్ళకు ఇది మోక్షానికి సంబంధించిన విషయం. ఈ మాట దాచాల్సిన పని లేదు. హిందూ సోదరులకు యోగా వాళ్ళ మత వారసత్వంలో భాగం. బౌద్ధులు, జైనులు కూడా తమ తమ పద్ధతుల్లో ఆచరించారు.

ఒంటిని వంచే ఆసనాలకు ప్రాధాన్యం తర్వాతి కాలంలో పెరిగింది. నాథ సంప్రదాయపు యోగులు దీన్ని ఊరూరా తిప్పారు. మన తెలుగులోనే 15వ శతాబ్దంలో గౌరన అనే కవి నవనాథ చరిత్ర పేరుతో ఆ యోగుల కథలను ద్విపదలో రాశాడు. అదే శతాబ్దానికి చెందిన హఠయోగ ప్రదీపిక అనే సంస్కృత గ్రంథంలో 15 ఆసనాలు ఉన్నాయి.

ఇవాళ హాళ్ళలో, టీవీలో, ఫోన్‌లో మనం చూసే యోగా మాత్రం చాలావరకు గత వందేళ్ళలో రూపం దిద్దుకున్నది. మైసూరు మహారాజు ఆదరణలో తిరుమలై కృష్ణమాచార్య 1930లలో యోగశాల నడిపారు. ఆయన శిష్యుడు బి.కె.ఎస్. అయ్యంగార్ 1966లో ఇంగ్లీషులో రాసిన పుస్తకంతో యోగా దేశాలు దాటింది. సూర్య నమస్కారాలను కసరత్తుగా బాగా ప్రచారం చేసింది మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానపు రాజా. అదీ 1920ల మాట.

ముస్లిం పండితులకు ఇది కొత్త కాదు

మనలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పతంజలి గ్రంథాన్ని వెయ్యేళ్ళ క్రితమే అరబీలోకి తెచ్చినవాడు ఒక ముస్లిం పండితుడు, అల్ బిరూనీ. 973లో ఖ్వారిజ్మ్‌లో పుట్టిన ఆయన లెక్కలు, ఖగోళం తెలిసిన మహా ఆలిమ్. సంస్కృతం నేర్చుకుని, ఆ గ్రంథాన్ని ప్రశ్న, జవాబు రూపంలో అరబీలో రాశాడు. ఆయన ఉద్దేశం ఆ మార్గంలో చేరడం కాదు. పక్కవాడు ఏం నమ్ముతున్నాడో వాడి పుస్తకం నుంచే సరిగా తెలుసుకోవాలన్నది ఆయన పద్ధతి.

ఆ తర్వాత 16వ శతాబ్దంలో షత్తారీ సిల్సిలాకు చెందిన గ్వాలియర్ సూఫీ షేఖ్ ముహమ్మద్ గౌస్, యోగ సాధనల మీద ఉన్న ఒక గ్రంథాన్ని బహ్రుల్ హయాత్ పేరుతో ఫార్సీలో రాశారు. అందులో 21 ఆసనాల వివరం ఉంది. 1600 ప్రాంతంలో అలహాబాద్‌లో షాహ్‌జాదా సలీం కోసం, అంటే తర్వాత జహంగీర్ బాద్షా అయిన ఆయన కోసం, దీన్ని బొమ్మలతో తయారు చేయించారు. ఆ ప్రతి ఇప్పుడు ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ లైబ్రరీలో ఉంది. మన దక్కన్‌లో బీజాపూర్ చిత్రకారులు అదే కాలంలో గీసిన ప్రసిద్ధమైన యోగిని చిత్రం కూడా ఆ లైబ్రరీలోనే ఉంది.

దీన్నిబట్టి "చూశారా, అందరూ చేశారు కాబట్టి మనమూ చేయొచ్చు" అని తీర్పు చెప్పడం తొందరపాటు అవుతుంది. చరిత్ర ఫత్వా కాదు. కానీ మన పెద్దలు ఈ విద్యను చూసి భయపడి కళ్ళు మూసుకోలేదని, చదివి, వడగట్టి, తెలుసుకున్నారని మాత్రం అర్థమవుతుంది.

ఉలమా ఏమన్నారు?

ఈ విషయంలో ముస్లిం దేశాలన్నీ ఒకే మాట మీద లేవు. 2008 నవంబర్‌లో మలేషియా జాతీయ ఫత్వా మండలి, మంత్రాలు, ఆరాధన కలిసిన యోగా ముస్లింలకు తగదని చెప్పింది. కొద్ది రోజులకే అక్కడి ప్రధాని అబ్దుల్లా బదావీ, మంత్రాలు లేకుండా శారీరక వ్యాయామంగా చేసుకోవచ్చని వివరణ ఇచ్చారు. 2009 జనవరిలో ఇండోనేషియా ఉలమా మండలి కూడా దాదాపు ఇదే గీత గీసింది: మంత్రోచ్చారణ, పూజా పద్ధతి ఉంటే వద్దు, ఉత్త కసరత్తు అయితే అభ్యంతరం లేదు. సౌదీ అరేబియా 2017 నవంబర్‌లో యోగాను క్రీడగా గుర్తించింది. అక్కడ యోగా నేర్పించిన నౌఫ్ మర్వాయీకి మన ప్రభుత్వం 2018లో పద్మశ్రీ ఇచ్చింది.

ఐక్యరాజ్య సమితి 2014 డిసెంబర్ 11న జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినంగా ప్రకటించింది. ఆ తీర్మానాన్ని 177 దేశాలు బలపరిచాయి. వాటిలో ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాలు కూడా చాలానే ఉన్నాయి. మొదటి యోగా దినం 2015లో జరిగింది. ఆ ఏడాది మన దేశంలో సూర్య నమస్కారాలపై ఆల్ ఇండియా ముస్లిం పర్సనల్ లా బోర్డు అభ్యంతరం చెప్పింది. ఆ రోజు కార్యక్రమంలో సూర్య నమస్కారాలు పెట్టలేదు.

అంటే గొడవ వంగడం, లేవడం, ఊపిరి పీల్చడం దగ్గర లేదు. నియ్యత్ దగ్గర, నోటితో అనే మాట దగ్గర, ఎవరికి తల వంచుతున్నాం అన్న దగ్గర ఉంది. తౌహీద్ మన పునాది. సూర్యుడికి నమస్కారం, ఓంకారం, శ్లోకాలు మనం వదిలేసే భాగాలు. నడుం సాగదీయడం, నెమ్మదిగా శ్వాస తీసుకోవడం చాలామంది ఉలమా కసరత్తు కిందే చూశారు. ఇంకా మనసులో శంక ఉంటే మీ మహల్లాలో నమ్మకమైన ఆలిమ్‌ను అడగండి. అయితే అడిగేటప్పుడు "యోగా హలాలా, హరామా" అని ఒక్క ముక్కలో అడగకండి. ఏం చేయమన్నారో, అందులో ఏమేం అంటారో చేసి చూపించి అడగండి. అప్పుడే సరైన జవాబు వస్తుంది.

నమాజ్ చేస్తే చాలదా?

ఈ మాట చాలామంది అంటారు. రుకూ, సజ్దా, ఖాయిదాలో కూర్చోవడం, వీటిలో కీళ్ళు, కండరాలు కదులుతాయి, నిజమే. కానీ నమాజ్ ఇబాదత్. దాన్ని కసరత్తు లెక్కలోకి దించడం నమాజ్‌కు న్యాయం కాదు. నమాజ్ ఒక రకం యోగా అని చెప్పడం కూడా అంతే. రెండూ కలపకుండా ఉంటేనే రెండింటికీ మర్యాద. జానమాజ్ వేరు, కసరత్తు చాప వేరు అని ఖాలా అంటుంది. ఆ ఒక్క మాటలో చాలా ఉంది.

ఇంకో వైపు నుంచి చూడండి. నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి వల్ల మన మసీదుల్లో కుర్చీల వరుస ఏటేటా పెరుగుతోంది. ఒళ్ళు అల్లాహ్ ఇచ్చిన అమానత్ అనుకుంటే, దాన్ని కాపాడుకోవడం కూడా మన జిమ్మేదారీయే.

లాభం నిజంగా ఎంత?

ఐసీఎంఆర్ సర్వే 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు సుమారు 10.1 కోట్ల మంది. షుగర్ వచ్చే అంచున ఉన్నవాళ్ళు మరో 13.6 కోట్లు. మన వైపు చూస్తే, 44వ నంబర్ హైవే మీద రోజంతా స్టీరింగ్ ముందు కూర్చునే డ్రైవర్లు, జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో, మేడ్చల్ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్ళు, ఇంట్లో కుట్టు మిషన్ మీద వంగి కూర్చునే ఆడవాళ్ళు ఉన్నారు. వీళ్ళందరికీ నడుం, మెడ, షుగర్, బీపీ బాధలు కొత్త కాదు.

ఎక్కువ రోజులుగా ఉన్న నడుం నొప్పికి యోగా కొంత ఉపశమనం ఇస్తుందని పరిశోధనల్లో తేలింది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన సూచనల్లో ఇలాంటి నొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించదగిన వాటిలో యోగాను కూడా చేర్చింది. లాభం కొద్దిపాటి నుంచి ఓ మోస్తరు, అంతే. మాయ ఏమీ లేదు. మామూలు వ్యాయామం కంటే మరీ గొప్పదని కూడా రుజువు కాలేదు. బీపీ, మానసిక ఒత్తిడి, నిద్ర విషయంలోనూ కొంత మేలు కనిపించింది. పెద్దవయసు వాళ్ళకు బ్యాలెన్స్ పెరిగితే జారిపడే ప్రమాదం తగ్గుతుంది.

కానీ యోగా షుగర్‌ను పూర్తిగా పోగొడుతుంది, ఇన్సులిన్ మానేయొచ్చు, గుండె మందులు అక్కర్లేదు అని ఎవరైనా చెబితే నమ్మకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలంటుంది. నెమ్మదిగా చేసే ఆసనాలు ఒక్కటే దానికి సరిపోవు. నడక కూడా ఉండాలి. కండ్లకోయ ఆక్సిజన్ పార్క్ దగ్గరున్నవాళ్ళకు, షామీర్‌పేట చెరువు వైపు ఉన్నవాళ్ళకు ఫజర్ తర్వాత నడవడానికి చోటుకు కొదవ లేదు.

ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి?

ముందు డాక్టర్‌ను గానీ, ఫిజియోథెరపిస్ట్‌ను గానీ అడగండి. అమీర్‌పేటలోని ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయం లాంటి చోట్ల అనుభవం ఉన్నవాళ్ళు ఉంటారు. ఆడవాళ్ళు పార్కుకో, హాలుకో పోవాల్సిన పని లేదు. తలుపేసుకున్న గది, ఒక దుప్పటి, ఇరవై నిమిషాలు చాలు.

నిటారుగా నిలబడి చేతులు పైకి చాచడం, మోకాళ్ళు, చేతుల మీద ఉండి పిల్లిలా నడుం పైకి కిందికి కదపడం, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుం కొద్దిగా పైకెత్తడం, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం, చివర్లో ఐదు నిమిషాలు పడుకుని నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం. మొదలుపెట్టేవాళ్ళకు ఇంతే. సంస్కృతం పేర్లు రాకపోయినా ఫరక్ పడదు.

జాగ్రత్తలు కూడా వినండి. కడుపునిండా తిన్నాక మూడు గంటల దాకా చేయవద్దు. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్ళు, కంట్లో గ్లాకోమా ఉన్నవాళ్ళు, షుగర్ వల్ల కంటి పొర దెబ్బతిన్నవాళ్ళు శీర్షాసనం లాంటి తలకిందులు ఆసనాల జోలికి పోవద్దు. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు కపాలభాతి, ఊపిరి బిగపట్టడం చేయవద్దు. నడుం నుంచి కాలిలోకి నొప్పి, తిమ్మిరి పాకుతుంటే ముందుకు వంగే ఆసనాలు మానేసి డాక్టర్‌కు చూపించండి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు దగ్గర రెండు ఖర్జూరాలు పెట్టుకోండి, కళ్ళు తిరిగితే వెంటనే ఆపి తినండి. రంజాన్‌లో కష్టమైనవి వద్దు, ఇఫ్తార్ అయిన రెండు, మూడు గంటలకు తేలికగా చేసుకోండి.

బడిలో పిల్లల సంగతి

యోగా దినానికి ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారుచేసిన ఉమ్మడి పద్ధతిలో మొదట ప్రార్థన, చివర శాంతి పాఠం ఉంటాయి. మధ్యలో ఉండేవి ఆసనాలు, శ్వాస. పిల్లవాడు ఆ మధ్య భాగంలో పాల్గొని, ప్రార్థన సమయంలో మౌనంగా ఉండవచ్చు. రాజ్యాంగంలోని 28వ అధికరణ మూడో భాగం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు గానీ నిధులు గానీ ఉన్న విద్యాసంస్థలో మైనర్ పిల్లలను తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మత ఆరాధనలో పాల్గొనమని ఒత్తిడి చేయరాదు. బడుల్లో యోగాను తప్పనిసరి చేయాలన్న పిటిషన్‌ను 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది కూడా.

అయితే హక్కు ఉంది కదా అని గొడవతో మొదలుపెట్టవద్దు. జూన్ 21కి వారం ముందే హెడ్మాస్టర్‌ను కలిసి, "సార్, మా పాప కసరత్తు చేస్తుంది, శ్లోకం మాత్రం అనదు" అని అదబ్‌గా చెప్పండి. ముందే చెబితే టీచర్‌కూ ఇబ్బంది ఉండదు, పిల్ల నలుగురిలో ఒంటరిగా నిలబడే పరిస్థితీ రాదు.

మా ఖాలా సంగతి చెప్పి ముగిస్తాను. ఇంటి దగ్గరి ఆలిమ్ సాబ్‌ను అడిగింది, ఫిజియోథెరపిస్ట్ దగ్గర ఐదు కసరత్తులు నేర్చుకుంది. ఫజర్ నమాజ్ అయ్యాక, చాయ్ కంటే ముందు, బిస్మిల్లాహ్ అనుకుని చేస్తుంది. నొప్పి మొత్తం పోలేదు. కానీ రోజూ మాత్ర వేసుకునే అవసరం తప్పింది. పోయిన వారం ఫోన్‌లో అంది: "బేటా, కుర్చీ పక్కన పెట్టేసిన. సజ్దా మళ్ళీ నేల మీదనే చేస్తున్న." ఆరు నెలలు శంకలోనే పోగొట్టుకున్నానని మాత్రం ఇప్పటికీ బాధపడుతుంది.