క్రీడాకారుడైన విద్యార్థి: చదువు, సాధన, నిద్ర

కళాశాల పక్షమున ఆడు విద్యార్థికి దినమునకు రెండు బాధ్యతలు కలవు. ఉదయము మైదానమున సాధన, పగలు తరగతులు, సాయంకాలము మరల సాధన, రాత్రి చదువు. కాలము చాలనపుడు అతడు సాధారణముగా తగ్గించునది నిద్రయే. తరగతికి పోనిచో హాజరు పోవును. సాధనకు పోనిచో జట్టులో స్థానము పోవును. నిద్ర తగ్గించినచో అడుగువారు లేరు. కాని చదువును, క్రీడయు ఆ నిద్రపైననే ఆధారపడియున్నవి.

నిద్ర యెందులకు?

పగలు చదివిన విషయము మెదడులో స్థిరపడుటకు నిద్ర తోడ్పడును. అలసిన కండరములు కోలుకొనుటకును, ఎదుగుదలకు సంబంధించిన హార్మోను అధికముగా స్రవించుటకును గాఢనిద్ర అనువైన సమయము. నిద్ర చాలనివానికి ఏకాగ్రత తగ్గును. బంతిని అందుకొనుటలో క్షణకాలము ఆలస్యమగును. గాయపడు అవకాశము హెచ్చును. 13 నుండి 18 ఏండ్లవారికి 8 నుండి 10 గంటలు, అంతకు పైబడినవారికి కనీసము 7 గంటలు నిద్ర అవసరము. ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు అన్నట్లు, రాత్రి కోల్పోయిన నిద్ర మరునాడు తరగతిలో బల్లపైననే వచ్చును.

దినచర్య

దినమునకు 24 గంటలు. నిద్రకు 8, తరగతులకు 6, సాధనకు 3, స్వయముగా చదువుటకు 3, స్నాన భోజన ప్రయాణములకు 3 గంటలు పోగా 1 గంట మిగులును. ముందుగా నిద్రకు వేళ నిర్ణయించి, తక్కిన పనులను దాని చుట్టును అమర్చుకొనవలెను. సెల్‌ఫోనుతో గడుపు కాలము ఆ మిగిలిన గంటను మించరాదు. వారమునకు ఒక దినమైనను సాధనకు సెలవు ఉండవలెను.

పోటీలు, పరీక్షలు ఒకే కాలమున వచ్చుట కలదు. పెక్కు విశ్వవిద్యాలయములలో 75 శాతము హాజరు నిబంధన యున్నది. విశ్వవిద్యాలయము పక్షమున ఆడినవారికి మినహాయింపు లభించునో లేదో, సత్రారంభముననే ఫిజికల్ డైరెక్టరును, ప్రిన్సిపాలును అడిగి తెలిసికొని, అవసరమైన పత్రములను ముందే పొందవలెను. పోటీలకు పోవునపుడు పాఠ్యపుస్తకమును వెంట తీసికొనిపోయిన రైలు ప్రయాణము వృథా కాదు.

ఆహారము

ఉదయము ఏమియు తినక మైదానమునకును, అటనుండి నేరుగా తరగతికిని పోవు అలవాటు హానికరము. సాధనకు ముందు అరటిపండు వంటిది కొంచెము తినవచ్చును. సాధన ముగిసిన పిదప ఆలస్యము చేయక ఇడ్లీ, పెసరట్టు, గ్రుడ్డు, పాలు వంటివి తీసికొనవలెను. యువతులు ఇనుము గల ఆహారముపై శ్రద్ధ వహించవలెను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 57 శాతము మందికి రక్తహీనత కలదని తేలినది. ఆకుకూర, పప్పులతో నిమ్మరసము చేర్చిన ఇనుము బాగుగా ఒంటబట్టును; భోజనముతోపాటు టీ త్రాగిన ఆ మేలు తగ్గును.

హెచ్చరికలు

విశ్రాంతి తీసికొన్నను తీరని అలసట, తరచు జలుబు, ఒకేచోట విడువని నొప్పి, చదువుపై మనసు నిలువకుండుట అతిశ్రమకు చిహ్నములు కావచ్చును. యువతులకు మూడు నెలలు వరుసగా ఋతుస్రావము రానిచో, శ్రమకు తగిన ఆహారము చాలకుండుట అందులకు కారణము కావచ్చును. దాని వలన ఎముకలు బలహీనమగును. ఇట్టివానిని దాచక వైద్యునికి చెప్పవలెను. నొప్పిని దాచి ఆడిన ఒక్క పోటీ, సంవత్సరమంతయు ఆటకు దూరము చేయవచ్చును.

తలిదండ్రులును, అధ్యాపకులును, శిక్షకులును ఎవరికి వారు విద్యార్థి కాలమంతయు తమదేయని తలచరాదు. ఆటగాని జీవితము కొలది యేండ్లది. చదువు ఆ పిదప జీవితమునకు ఆధారము. ఈ రెండింటిని మోయవలసినది ఒక్క శరీరమే. దానికి చాలినంత నిద్రయు, ఆహారమును సమకూర్చుట అందరి కర్తవ్యము.