లండను నగరంలో అమరావతి శిలలు

ఒకప్పుడు ఆంధ్రదేశం నుండి లండనుకు వెళ్ళినవారు ఉన్నత విద్య కోసమో, న్యాయవాద పరీక్ష కోసమో వెళ్ళేవారు. ఎవరి పేరున ప్రకాశం జిల్లా వెలసిందో ఆ టంగుటూరి ప్రకాశం పంతులు 1904లో బారిష్టరు చదువు నిమిత్తం ఓడనెక్కి, 1907లో తిరిగివచ్చారు. కేవలం చూడదగిన స్థలాలను చూచి రావడానికి ఇంటిల్లిపాదీ ఆ నగరానికి పయనం కావడం ఇటీవలి తరాలలో వచ్చిన మార్పు. పిల్లలు ఉద్యోగరీత్యా అక్కడ స్థిరపడడం, విమాన ప్రయాణం సులభం కావడం ఇందుకు ముఖ్యకారణాలు. గుంటూరు, ఒంగోలు, నరసరావుపేట, చిలకలూరిపేట ప్రాంతాల పత్తి, మిరప రైతుల ఇళ్ళలోనూ, వర్తకుల ఇళ్ళలోనూ నేడు లండను పేరు పరాయి ఊరి పేరులా వినిపించదు.

అటువంటి ఒక కుటుంబాన్ని ఊహించుకొందాం. తండ్రి మిర్చి యార్డులో కమీషను వ్యాపారి. తల్లి, నాయనమ్మ, ఇంటర్మీడియట్ చదువుతున్న అమ్మాయి. పెద్దకుమారుడు లండనులో ఉద్యోగి. మే నెలలో గుంటూరు ఎండలు మండిపోతున్న వేళ వీరు బయలుదేరుతారు. పెట్టెలో గోంగూర పచ్చడి, కొట్టించిన కారం, కందిపొడి తప్పక ఉంటాయి. పెద్దవాడు ముందుగానే చూడవలసిన స్థలాల పట్టిక సిద్ధం చేసి ఉంచుతాడు. పార్లమెంటు భవనం పక్కనున్న గడియారపు గోపురం, థేమ్స్ నదిపై టవర్ వంతెన, నది ఒడ్డున తిరిగే పెద్ద చక్రం, మైనపు బొమ్మల ప్రదర్శనశాల, రాజప్రాసాదం ముందు కావలివారు మారే వేడుక. వీటిని గురించి చెప్పవలసినది అంతగా లేదు. ప్రతి యాత్రికుడూ చూస్తాడు, ఫొటో తీసుకొంటాడు, తరువాతి చోటికి కదులుతాడు.

టవర్ ఆఫ్ లండను అనే పాతకోట వద్ద మాత్రం గుంటూరు వారు కొంచెం ఆగుతారు. అక్కడి ఆభరణశాలలో 1937లో తయారైన రాణి కిరీటంలో కోహినూరు వజ్రం పొదిగి ఉన్నది. కృష్ణానది దక్షిణపుటొడ్డున ఉన్న కొల్లూరు గనిలో ఈ వజ్రం దొరికినదని చిరకాలంగా చెప్పుకొంటారు. పదునేడవ శతాబ్దిలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ ఈ గనిని స్వయంగా దర్శించి వర్ణించాడు. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయపు ముంపు ప్రాంతంలో ఉన్నది. వజ్రం చేతులు మారి, మారి చివరకు 1849లో లాహోరు సంధి వలన ఆంగ్లేయుల వశమైంది. 1852లో దానిని తిరిగి సానబట్టగా 186 క్యారెట్ల బరువు సుమారు 105 క్యారెట్లకు తగ్గింది. చూపరులు ఒకేచోట నిలిచిపోకుండా కిరీటాల ముందు కదిలే నడవా ఏర్పాటు చేశారు. కాళ్ళు కదపకుండానే మనిషి ముందుకు సాగిపోతాడు. కొన్ని క్షణాలలో దర్శనం ముగుస్తుంది. "తిరుపతిలో కూడా ఇంతేగదమ్మా!" అని నాయనమ్మ అనుకోవడంలో వింత లేదు.

గుంటూరు సీమ నుండి లండను చేరిన మరొక సంపద ఉన్నది. దాని ముందు బారులు తీరిన జనం ఉండరు. టిక్కెట్టు లేదు. ఎంతసేపైనా నిలబడి చూడవచ్చు. అయినా అనేక కుటుంబాల పట్టికలో దానికి చోటు దొరకదు. అది బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి శిల్పసంపద.

1753లో స్థాపితమై, 1759లో ప్రజల దర్శనార్థం తెరవబడిన ఈ మ్యూజియంలో ఈజిప్టు దేశపు రొసెట్టా శిల, గ్రీకుల పార్థెనాన్ శిల్పాలు సందర్శకులను ఎక్కువగా ఆకర్షిస్తాయి. దక్షిణాసియా, చైనా దేశాలకు సంబంధించిన 33వ సంఖ్య గల పొడవైన శాల చివర, అద్దపు గోడ వెనుక ప్రత్యేకమైన గది ఒకటి ఉన్నది. ఉష్ణోగ్రత, తేమ ఎప్పుడూ ఒకే విధంగా ఉండేటట్లు దానిని నిర్మించారు. అందులో నిలిపిన లేత ఆకుపచ్చ ఛాయ గల పలకలు, స్తంభాలు పలనాటి సున్నపురాయితో చేసినవి. మొత్తం 120కి పైగా శిల్పాలు ఈ మ్యూజియం అధీనంలో ఉన్నాయి.

క్రీ.పూ. మూడవ శతాబ్ది నాటికే ధాన్యకటకంలో ఒక స్తూపం వెలసిందని పండితుల అభిప్రాయం. శాతవాహనుల కాలంలో అది పెరిగి మహాచైత్యమైంది. సుమారు 50 మీటర్ల వ్యాసం గల వేదిక, దానిపై అర్ధగోళాకారపు అండం, చుట్టూ ప్రదక్షిణ మార్గం, ఆ మార్గానికి వెలుపల పద్మాలు చెక్కిన స్తంభాల ప్రాకారం. ఇంత పెద్ద కట్టడం నేలమట్టమైనా దాని రూపం మనకు తెలియడానికి కారణం శిల్పులే. స్తూపానికి తాపడం చేసిన పలకలపై వారు ఆ స్తూపం బొమ్మనే చెక్కారు. ద్వారం వద్ద సింహాలు, నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలు, పైన పూలమాలలు, ఆకాశంలో దేవతలు, అన్నీ ఆ పలకలో కనిపిస్తాయి. ఇల్లు కూలిపోయినా గోడకు తగిలించిన ఇంటి చిత్రం మిగిలినట్లన్నమాట.

అక్కడ తీరికగా చూడవలసిన పలక ఒకటి ఉన్నది. అది బుద్ధుని జననానికి సంబంధించినది. నాలుగు దృశ్యాలు. మాయాదేవి కల, ఆ కలకు అర్థం చెప్పడం, శిశువు పుట్టుక, శాక్యుల కులదైవం ఎదుటికి శిశువును తీసుకొని రావడం. నాలుగింటిలోనూ పుట్టిన బిడ్డ మాత్రం ఎక్కడా కనిపించడు! చేతులలో పట్టుకొన్న వస్త్రంపై చిన్ని చిన్ని పాదముద్రలు మాత్రం ఉంటాయి. ఆనాటి శిల్ప సంప్రదాయంలో బుద్ధుని మానవాకారంలో చూపక పాదాలు, ధర్మచక్రం, బోధివృక్షం, శూన్యాసనం వంటి చిహ్నాలతో సూచించేవారు. ఈ విషయం తెలియని యాత్రికునికి అది గుడ్డ పట్టుకొన్న మనుషుల బొమ్మ. తెలిసినవానికి ఆ రెండు అడుగులలో కావ్యమంత అర్థం స్ఫురిస్తుంది. చెప్పకుండా చెప్పడాన్ని మన ఆలంకారికులు ధ్వని అన్నారు. శిల్పి ఆ పని రాతిలో చేశాడు.

మరొక పలకకు రెండు వైపులా శిల్పం ఉన్నది. ఒక వైపు క్రీస్తుకు పూర్వం చెక్కినది. అందులో బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, నమస్కరించే భక్తులు ఉన్నారు. సుమారు మూడు శతాబ్దాల తరువాత స్తూపాన్ని పునరుద్ధరించినవారు అదే రాతిని తిప్పి, రెండవ వైపున వైభవోపేతమైన స్తూపాన్ని చెక్కారు. పాతరాతిని వృథా పోనీయకుండా వాడుకోవడం ఆనాడే ఉన్నదని దీనివలన తెలుస్తున్నది.

ఇంతటి కట్టడానికి ధనం ఎక్కడిది? అమరావతిలో దొరికిన ప్రాకృత శాసనాలు ఈ ప్రశ్నకు సమాధానం చెబుతాయి. దాతలలో గృహస్థులు, వర్తకులు, భిక్షువులు, భిక్షుణులు, సుగంధద్రవ్యాలు అమ్మేవారు ఉన్నారు. విధికుడు అనే చర్మకారుడు తల్లి, భార్య, సోదరులు, సంతానంతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను దానం చేశాడు. రెండువేల ఏళ్ళనాటి ఒక కుటుంబం పేరు ఆ విధంగా రాతిపై నిలిచింది. రాజుల పేర్లకన్న ఇటువంటి పేర్లే అమరావతిని మనకు దగ్గర చేస్తాయి. అమరావతిలోనే లభించిన ఒక శిలాశకలంపై 'నాగబు' అనే మాట ఉన్నది. దానిని తెలుగు పదంగా వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించారు. ప్రాకృతం రాజ్యమేలుతున్న కాలంలో తెలుగు మాట రాతిపై తొంగిచూచిన అరుదైన సందర్భమిది.

ఈ శిలలు లండనుకు ఎలా చేరాయో తెలుసుకొనడం అవసరం. ఏడవ శతాబ్దిలో చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకాన్ని చూచాడు. అక్కడి ఒక ఆలయాన్ని ధర్మకీర్తి అనే భిక్షువు బాగుచేయించినట్లు శ్రీలంకలోని 1344 నాటి గడలదెనియ శాసనం చెబుతున్నది. ఆ తరువాత స్తూపం మట్టిదిబ్బగా మారింది. ప్రజలు దానిని దీపాలదిన్నె అని పిలిచారు. పద్ధెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుండి తన రాజధానిని అమరావతికి మార్చాడు. కొత్త ఊరి నిర్మాణానికి రాయి కావలసి వచ్చింది. దిబ్బ తవ్వగా చెక్కిన పలకలు బయటపడ్డాయి. కొన్ని కట్టడాలలో కలిశాయి, కొన్ని మెట్లయ్యాయి, మరికొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి.

ఈ వార్త విని 1797లో కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చాడు. తిరిగి 1816లో సిబ్బందితో వచ్చేసరికి దిబ్బ నడిమి భాగం తవ్వి చెరువు చేశారు! మిగిలిన శిల్పాలకు ఆయన సిబ్బంది ఎంతో ఓపికగా చిత్రాలు గీశారు. ఆ చిత్రాల సంపుటం కూడా నేడు లండనులోనే, బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. శిల పోయినా చిత్రం మిగిలిన సందర్భాలు ఇందులో ఉన్నందున దాని విలువ చెప్పనలవి కాదు.

1845లో గుంటూరులో కమిషనరుగా ఉన్న వాల్టర్ ఎలియట్ మరికొంత తవ్వించి, శిల్పాలను మద్రాసుకు పంపాడు. అక్కడ అవి చాలాకాలం ఎండకు, వానకు ఆరుబయట పడి ఉన్నాయి. 1858లో లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారి వాటికి ఫొటోలు తీశాడు. 1859లో వాటిని ఓడలో లండనుకు తరలించారు. అంత దూరం తీసుకొని వెళ్ళినవారు అక్కడైనా ఆదరించారా అంటే అదీ లేదు. థేమ్స్ ఒడ్డున ఒక గోదాములో కొన్నాళ్ళు, తరువాత ఫైఫ్ హౌస్ అనే భవనంలో కొన్నేళ్ళు అవి అనామకంగా ఉన్నాయి. పారిస్ నగరంలో జరుగనున్న ప్రదర్శన కోసం ఫొటోలు సమకూరుస్తూ 1867లో జేమ్స్ ఫెర్గుసన్ అనే వాస్తుశిల్ప చరిత్రకారుడు అక్కడి బండ్లశాలలో వీటిని కనుగొన్నాడు. మరుసటి ఏడు ప్రచురించిన తన గ్రంథంతో లోకానికి పరిచయం చేశాడు. 1880లో ఇవి బ్రిటిష్ మ్యూజియం పరమయ్యాయి. ప్రధానమైన మెట్లదారి గోడలకు వాటిని అమర్చారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో తొలగించారు. మృదువైన పలనాటి రాయికి లండను గాలిలోని పొగ, తేమ హాని చేస్తున్నాయని గ్రహించి, తరువాత చాలాకాలం నేలమాళిగలో భద్రపరిచారు. జపానుకు చెందిన అసాహి షింబున్ వార్తాపత్రిక అందించిన ధనసహాయంతో 1992లో ఇప్పటి అద్దాల గది సిద్ధమైంది.

ఈ చరిత్ర విన్న యువతీయువకులకు వెంటనే తోచే ప్రశ్న, "మనవి మనకు తిరిగి ఇవ్వరా?" అన్నది. ప్రశ్న న్యాయమైనది. సమాధానం మాత్రం చిక్కులతో కూడినది. ప్రకాశం ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున చందవరం అనే బౌద్ధక్షేత్రం ఉన్నది. అక్కడి ప్రదర్శనశాల నుండి దొంగలు అపహరించిన శిల్పం ఒకటి విదేశీ వర్తకుల ద్వారా 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు చేరింది. బుద్ధుని ఆరాధించే భక్తులను చెక్కిన మూడవ శతాబ్దపు రాయి అది. అది చందవరానిదేనని రుజువైన మీదట ఆస్ట్రేలియా 2016లో దానిని భారతదేశానికి అప్పగించింది. అక్కడ దొంగతనం స్పష్టం. అమరావతి శిలలను పంపినది నాటి ప్రభుత్వమే. పైగా మ్యూజియం తన వస్తువులను ఇతరులకు ఇచ్చివేయకుండా 1963 నాటి బ్రిటిష్ చట్టం అడ్డుపడుతుంది. పరాయి పాలకులు తమకు తామే ఇచ్చుకొన్న అనుమతి ఎంతవరకు ధర్మమన్నది వేరే చర్చ. ఆ చర్చలో సున్నపు బట్టీలను కూడా మరచిపోరాదు. లండనుకు పోయినవి కనిపిస్తున్నాయి. బట్టీలో కాలినవి ఏ దేశంలోనూ లేవు.

ఇంతకూ మన కుటుంబం ఆ అద్దాల గదిలో ఎంతసేపు గడుపుతుంది? పెద్దవాడు గడియారం చూచుకొంటాడు. తండ్రి పలకల కింద రాసిన వివరంలో 'గుంటూరు' అన్న మాట చూచి ఆశ్చర్యపోతాడు. నాయనమ్మ ఆ స్తంభాలపై పద్మాలను చూచి, "మన అమరేశ్వరుడి గుడి దగ్గరివా ఇవి?" అని మనుమరాలిని అడుగుతుంది. ఆ మనుమరాలు మాత్రం సమాధానం చెప్పలేదు. ఆమె పుట్టి పెరిగిన గుంటూరుకు అమరావతి సుమారు 35 కిలోమీటర్లు. వేల మైళ్ళు దాటి లండనుకు వచ్చిన ఆ అమ్మాయి ఆ 35 కిలోమీటర్లు ఇంతవరకు వెళ్ళలేదు.

అమరావతి శిల్పాన్ని సమగ్రంగా చూడాలంటే ఏ ఒక్క ఊరూ చాలదు. లండనులో ఉన్నవి కొన్ని, చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో ఉన్నవి మరికొన్ని, అమరావతి పురావస్తుశాలలో ఉన్నవి ఇంకొన్ని. స్తూపం నిలిచిన నేల మాత్రం ఒక్కచోటనే ఉన్నది. కృష్ణ ఒడ్డున, పచ్చిక మధ్య, గుండ్రని వేదిక అడుగు భాగం, నాలుగు దిక్కులా ఆయక వేదికల ఆనవాళ్ళు, చుట్టూ విరిగిన స్తంభాలు. ఆ వేదిక చుట్టూ ఒకసారి నడిస్తే లండనులో అద్దాల వెనుక చూచిన ఒక్కొక్క పలక ఎక్కడ నిలిచి ఉండేదో మనసుకు తోస్తుంది. సెలవులు ముగిసి గుంటూరు చేరిన తరువాతి ఆదివారం ఉదయం, అమరావతి బస్సులో కిటికీ పక్కన ఆ అమ్మాయి, ఆమె పక్కన నాయనమ్మ.